మా పండు ఉపవాసం ఉండలేదు

మా కుక్క మీద సంఘంలో ప్రసంగం జరిగింది. నలభై దినాల ఉపవాస కూడికల్లో, బుధవారం సాయంత్రం, మైకులో.

"శాంతమ్మ సిస్టర్ ఇంట్ల ఒక కుక్కున్నది. ఇంటోళ్లు ఉపవాసం పట్టిన కాడ్నించి అది గూడ గిన్నె ముట్టుతలేదంట. నోరు లేని జీవికున్న భయభక్తి మనకున్నదా?" అని మా సంఘ పెద్ద యాకోబన్న అడిగాడు. చాపల మీద కూర్చున్న వాళ్ళంతా "స్తోత్రం" అన్నారు. కొందరు ఆడవాళ్ళు నా వైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటికే ఆ కుక్క ఒంట్లో రక్తం తగ్గిపోతోంది.

కోపం చల్లారాక ఇది రాద్దామనుకున్నాను. చల్లారలేదు. గండం గడిచింది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను, అంతే. కుక్కనో పిల్లినో ఇంట్లో పిల్లలాగా పెంచుకుంటున్న విశ్వాసులు ఎవరైనా చదివితే, మాకు జరిగింది వాళ్ళకు జరగకూడదని రాస్తున్నాను. ఒకటి మాత్రం ముందే చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్ముతాను. ఆయన స్వస్థపరుస్తాడని ఈ రోజుకూ నమ్ముతాను. చిన్నప్పటి నుంచి వాక్యం మీద పెరిగినదాన్ని, సండే స్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని. నా కోపం ఆయన మీద కాదు. ఆయన పేరు చెప్పి తలుపు మూసేవాళ్ళ మీద.

ఉపవాస దినాల మధ్యలో

మాది చివ్వెంల దగ్గర చిన్న ఊరు. నా భర్త దేవదానం సూర్యాపేటలో ఆటో నడుపుతాడు. ఇంట్లో మా అత్తమ్మ మరియమ్మ, ఇంటర్ చదివే మా అమ్మాయి షారోన్, నేను, మా కుక్క పండు. వర్షంలో బస్టాపు బల్ల కింద వణుకుతూ కనిపించిన కుక్కపిల్లను షారోన్ తన చున్నీలో చుట్టుకుని తెచ్చింది. ఎర్రటి ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది ముడుచుకుని ఉంటుంది. ఆటో శబ్దం రోడ్డు మలుపులో వినిపిస్తే చాలు, గేటు దగ్గరికి ఉరికేది. మేం కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే గడప మీద గడ్డం ఆనించి పడుకునేది. పాట ఎత్తుకుంటే తనూ మూలిగేది. అత్తమ్మ "దీనికి శ్రుతి లేదు గని మనసున్నది" అనేది.

ఉపవాసాలు మొదలైన తర్వాత పండు గిన్నె ముందు నిలబడి వాసన చూసి పక్కకు తిరిగిపోవడం మొదలుపెట్టింది. అత్తమ్మకు అది అద్భుతంలా కనిపించింది. "సూసినవా, మనతోని ఇది గూడ ఒక్కపొద్దున్నది" అని కూడికకు వచ్చే ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఆ మాట యాకోబన్న చెవిన పడింది. ఆయన నోట్లో అది ప్రసంగమైంది.

షారోన్ ఒక్కతే అడిగింది. "నానమ్మా, మనం పొద్దుగూకినంక ప్రార్థన జేసుకొని తింటున్నం గద. మరి అది అప్పుడు గూడ తింటలేదేంది?"

"దాని భక్తి మనకన్న ఎక్కువ, అందుకే" అంది అత్తమ్మ.

పిల్ల అడిగిన ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. సంఘమంతా మెచ్చుకున్నదాన్ని జబ్బు అనడానికి ఎవరికి నోరు వస్తుంది? మెచ్చుకోలు మా కళ్ళకు గంతలు కట్టింది.

మట్టల ఆదివారం మరునాడు

ఈస్టర్ ఇంకో వారం ఉందనగా, సోమవారం పొద్దున దేవదానం ఆటో తీయబోతే ముందు చక్రం పక్కన నేల మీద రక్తపు చుక్కలు. పండు ముక్కులోంచి కారుతున్నాయి. అది లేచి రావాలని చూసింది, వెనక కాళ్ళు లేవలేదు. పెదవి ఎత్తి చూస్తే లోపల గులాబి రంగు ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

దుప్పట్లో చుట్టి దగ్గరలో ఉన్న పశువుల దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ బెంచీ మీద అటెండరు ఒక్కడే ఉన్నాడు.

"డాక్టర్ సారు గొర్లకు టీకాలేస్తందుకు ఊర్లల్లకు పోయిండమ్మా."

"ఎప్పుడొస్తడు?"

"గొర్లు ఒడిసినంక."

"అన్నా, ముక్కుల నుంచి రక్తం కారుతున్నది."

"కనవడ్తున్నది. ఏం జెయ్యాలె చెప్పు? బర్రెకైతే మందున్నది, గొర్రెకైతే మందున్నది. కుక్కకు పిచ్చికుక్క టీక తప్ప గీడ ఏం లేదు. హైదరాబాద్ దీస్కపోండ్రి."

"కుక్క పశువు గాదా?" అని అడిగాడు దేవదానం.

"కాయితం మీద అయితె గాదన్నా." అని ఒక మూకుడులో నీళ్ళు తెచ్చి పండు మూతి దగ్గర పెట్టాడు. అతని మీద నాకు కోపం లేదు. అతను తన దగ్గరున్నది ఇచ్చాడు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇక్కడ కుక్క లేని వాడ లేదు. పొలం కాడ కుక్క, మంద వెనక కుక్క, మిల్లు గేటు దగ్గర కుక్క. ఇన్నింటిని కావలికి పెట్టుకుని, అవి పడిపోయిన రోజు హైదరాబాద్ వైపు చెయ్యి చూపిస్తారా? రక్తం కారే జీవి అంత దూరం బతికి పోతుందని ఎవరనుకున్నారు?

బయట టీ కొట్టు దగ్గర ఒకాయన, కోదాడలో కుక్కల సామాన్లు అమ్మే షాపుంది, అక్కడ సూదులు కూడా వేస్తారని చెప్పాడు. ఆటో అటు తిప్పాం.

ఆ షాపులో గొలుసులు, పట్టీలు, చిలకల పంజరాలు వేలాడుతున్నాయి. యజమాని పండు వైపు రెండు అడుగుల దూరం నుంచి చూశాడు.

"ఎండ దెబ్బండీ ఇది. ఈ నెలంతా ఇవే కేసులు. ఏం కంగారు పడొద్దమ్మగారూ. రెండు ఇంజక్షన్లు వేస్తాను, రేపు పొద్దున్నే లేచి మిమ్మల్నే కరుస్తది చూడండి."

ఆ నవ్వు చూసి మాకు ధైర్యం వచ్చింది. భయంలో ఉన్నవాళ్ళకు ధీమాగా మాట్లాడే ఎవరైనా డాక్టరులాగే కనిపిస్తారు.

మంగళవారం పొద్దున పండు నిజంగానే లేచింది. తోక ఊపింది. పాలు తాగింది. అత్తమ్మ చేతులు రెండూ ఎత్తి స్తోత్రం చెప్పింది. బుధవారం పొద్దున్నే పక్కకు ఒరిగిపోయింది. ఈసారి చిగుళ్ళలోంచి కూడా రక్తం. షాపుకు ఫోన్ చేశాను.

"అయితే ఇంకో డోసు వేద్దామండీ, తీసుకొచ్చేయండి."

"మీరు డాక్టరేనా సార్?"

"డాక్టరు గారి దగ్గర పనిచేశానండీ."

"ఏం పని?"

"క్లినిక్ పనేనండీ…" అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత తెలిసింది, ఆ సూదులు జబ్బును తగ్గించేవి కావు, ఒక రోజు కుక్కను లేపి నిలబెట్టేవి మాత్రమేనని. మేం పోగొట్టుకున్న ఆ రెండు రోజుల్లోనే దాని రక్తం సగానికి పడిపోయింది. పట్టీలు, గొలుసులు అమ్ముకునే మనిషి ఒక ప్రాణం మీద సూది పెట్టి నవ్వగలుగుతున్నాడంటే, అతన్ని ఎవరూ అడగరని అతనికి తెలుసు. చచ్చేది కుక్క కదా.

బుధవారం కూడిక

ఆ సాయంత్రం కూడికకు పండును దేవదానం దగ్గర వదిలి వెళ్ళాను. ప్రార్థన మనవుల డబ్బాలో షారోన్ రాసిన చీటీ వేశాను. "మా పండు బతకాలి" అని ఒక్క ముక్క.

యాకోబన్న చీటీలు ఒక్కొక్కటే తీసి చదివాడు. ఒకరి మోకాళ్ళు. ఒకరి బోరులో నీళ్ళు. ఒకరి కొడుకు ఉద్యోగం. ఆ తర్వాత "మన సహోదరి ఎలీసమ్మ గారి బర్రె సుఖంగ ఈనాలని ప్రార్థన జేద్దాం" అన్నాడు. సంఘమంతా ఆ బర్రె కోసం గొంతెత్తి ప్రార్థించింది. నేనూ ప్రార్థించాను. మా చీటీ రాలేదు.

కూడిక అయ్యాక అడిగాను.

"అన్నా, మాది సదవలేదు."

"సదివిన సిస్టర్. మనసుల సదివిన. మైకుల కుక్క పేరు బాగుండదు."

"పోయిన వారం మైకులనే గద జెప్పిండ్రు?"

"గది ప్రసంగం. ఇది మనవి."

"బర్రె?"

"బర్రె ఇంటికి ఆధారం సిస్టర్. పాలిస్తది." నా వైపు జాలిగా చూశాడు. "మనసు గంత దిగజార్చుకోకు. కుక్క పోతె ఇంకొకటి వస్తది."

యాకోబన్నను నేను చెడ్డవాడు అనలేను. అందుకే నాకు ఇంత కోపం. దేవదానానికి డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రి వరండాలో మాతో పాటు తిండి మాని కూర్చున్నది ఈ మనిషే. తన చెయ్యి చాపి రక్తం ఇచ్చింది కూడా ఈ మనిషే. మనిషి అంత మంచివాడై ఉండి, ప్రసంగానికి పనికొచ్చిన జీవి ప్రార్థనకు పనికిరాదని అంత తేలిగ్గా ఎలా అనగలిగాడు? ఉపవాసం ఉన్న కుక్క మైకులోకి వస్తుంది. జబ్బు పడిన కుక్క రాదు.

మిర్యాలగూడ, గురువారం

తెల్లవారగానే షారోన్ స్నేహితురాలి ద్వారా మిర్యాలగూడలో కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టరమ్మ ఉందని తెలిసింది. కోతల కాలం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆటో నత్తలాగా పోతోంది. పెన్‌పహాడ్ దాటుతుంటే పండు నా ఒళ్ళో ఒకసారి ఊపిరి ఆపింది. "పండూ" అని కేకేస్తే మళ్ళీ తీసుకుంది. దేవదానం వెనక్కి తిరగకుండానే "ఉన్నదా?" అన్నాడు. "ఉన్నది, నువ్వు పోనియ్" అన్నాను.

క్లినిక్ అంటే తవుడు కొట్టుకు, టైలరు షాపుకు మధ్య ఒక షట్టరు. లోపల ఒక బల్ల, బయట ఒక బెంచీ. బెంచీ మీద ఒక ముసలామె కూరగాయల బుట్టలో పిల్లిని పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూడగానే లేచింది. "నా పిల్లికి గోరే ఇరిగింది. మీరు ముందు పోండ్రి బిడ్డా" అంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పండు పెదవి ఎత్తి చూసింది, చెవి వెనక వేళ్ళు పెట్టి వెతికింది.

"తినడం ఎప్పుడు మానేసింది?"

దేవదానం నేల చూపులు చూశాడు. "ఉపవాసం అనుకున్నమమ్మా."

"ఎవరి ఉపవాసం?"

"దానిదే."

ఆమె మా ఇద్దరి మొహాలు చూసింది. నవ్వలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెవి లోపలి నుంచి ఒక గోమారును తీసి దూది మీద పెట్టి చూపించింది. పశువుల ఒంటి మీద ఎప్పుడూ చూసేదే, రక్తం తాగి ఉబ్బే పురుగు. "ఇవి కుట్టడం వల్ల వచ్చే జ్వరం ఇది. మందుంది. కానీ మందు పనిచేసే దాకా బతకాలంటే ఇవాళే రక్తం ఎక్కించాలి. కుక్క రక్తమే కావాలి. పెద్ద కుక్క, ఆరోగ్యంగా ఉన్నది. మీకు తెలిసిన వాళ్ళ దగ్గర ఉందా?"

కుక్కలకు రక్తం ఎక్కిస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన పెద్ద కుక్క మాత్రం ఒకటి ఉంది. యాకోబన్న ఇంట్లో సీజర్. గేటుకు ముందు కాళ్ళు పెట్టి నిలబడితే మనిషెత్తు ఉంటుంది.

దేవదానం రక్తం పట్టే సంచి కోసం మందుల షాపుకు పోయాడు. నేను ఫోన్ చేశాను.

"అన్నా, వందనాలు. మీ సీజర్ రక్తం కొంచెం కావాలె. డాక్టరమ్మ మాట్లాడ్తదంట. సీజర్‌కు ఏం గాదంట."

"సిస్టర్, రక్తంల ప్రాణముంటదని నీకు నేను జెప్పాల్నా? ఒక జంతువు రక్తం తీసి ఇంకో జంతువుల కలుపుడు దేవుడు ఒప్పుకునే పని గాదు."

"గది తినొద్దని చెప్పిన మాటన్నా, ఎక్కియ్యొద్దని గాదు. రేపు గుడ్ ఫ్రైడేకు మన సంఘంల రక్తదాన శిబిరం పెట్టింది మీరే గద. బ్యానర్ మీద మీ ఫొటోనే ఉన్నది."

"అది మనుషులకు."

"గుంటల పడ్డ గొర్రెను విశ్రాంతి దినంల గూడ పైకి తియ్యరా అని అడిగింది ప్రభువు గాదా అన్నా?"

"గొర్రె ఏరు, కుక్క ఏరు. కుక్కల గురించి వాక్యంల ఏమున్నదో నీకు దెల్వదా?"

"తెల్సు. బల్ల కింద రొట్టె ముక్కలు తినే కుక్కల గురించి గూడ ఉన్నది. ఆ మాట అన్న తల్లిని ప్రభువు ఉత్త చేతులతోని పంపలే."

ఆయన గొంతు మారింది.

"సీజర్‌ను హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న సిస్టర్. దానికేమన్న అయితె?"

"గీ మాట ముందే జెప్తె అయిపోతుండె గద అన్నా. వాక్యాన్ని ఎందుకు అడ్డం పెట్టుకున్నరు?"

ఫోన్ పెట్టేసింది నేనే. జీవితంలో మొదటిసారి సంఘ పెద్ద కన్నా ముందు ఫోన్ పెట్టేశాను. తన కుక్క మీద ప్రేమతో భయపడ్డాడంటే నాకు అర్థమవుతుంది. ఆ భయం నాకూ ఉంది, నా ఒళ్ళో పడుకుని ఉంది. కానీ తన భయానికి దేవుడి చేత సంతకం పెట్టించడం నేను క్షమించలేకపోతున్నాను.

దేవదానం సంచి తెచ్చాడు. "ఏ గ్రూపు కావాలె, పేషెంటు పేరేంది అని అడిగిండ్రు. పండు అన్న. ఇంటిపేరు అడిగిండ్రు" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

అప్పుడే షట్టరు ముందు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. గొంగడి భుజాన వేసుకున్న ఒకాయన దిగాడు. కోసిన మళ్ళల్లో రాలిన వడ్లు తిని కడుపుబ్బిన గొర్రెను దించాడు. దాని వెనకే ఒక నల్ల కుక్క దూకింది. దాని మెడ నా నడుమంత ఉంది.

డాక్టరమ్మ గొర్రెకు మందు పోసి, దాని కడుపు తగ్గే దాకా మర్దన చేయించింది. చేస్తున్నంతసేపూ ఆమె చూపు నల్ల కుక్క మీదే ఉంది.

"మల్లయ్యా, ఈ కుక్క నీదేనా?"

"నాదేనమ్మా. మందను ఇడిసి ఉండదు. గొర్రె ట్రాలీ ఎక్కితె ఇది గూడ ఎక్కుతది."

ఆమె విషయం చెప్పింది. మల్లయ్య ఒక్క అడుగు వెనక్కి వేసి కుక్క మెడ పట్టుకున్నాడు. "నా కుక్క పాణం మీదికి దెస్తరా? రాత్రి మందకు ఎవలు గావలి? నక్కలు దిరుగుతున్నయ్."

"రెండు రోజులు నీరసంగ ఉంటది, అంతే. ముందు పరీక్ష చేస్తా. పనికిరాదంటే ముట్టను."

మల్లయ్య బల్ల మీదున్న పండును చూశాడు. నా చీర మీద రక్తం చూశాడు. "ఇంటిదాన్ని అడగాలె. ఇది ఆమె మాటనే ఇంటది, నా మాట ఇనదు" అని ఫోన్ తీశాడు. అతని భార్య లింగమ్మ గొంతు ఆ షట్టరంతా వినిపించింది.

"గొర్రె బతికిందా?"

"బతికింది గని, గీడ ఒక ఆడకుక్క సావుకున్నది. మన మైసిగాని నెత్తురు గావాల్నంట."

"ఎవలదా కుక్క?"

"తెల్వదు. ఎవలో చివ్వెంల దిక్కోళ్లు. యేసు పాటలు పాడెటోళ్ల లెక్కున్నరు."

"అయితె ఇచ్చి రారాదు! నన్ను అడుగుడేంది, అది సచ్చినంక ఇస్తవా?"

"మరి రాత్రి మంద?"

"నేను గూసుంట తియ్. నువ్వెట్లైన గుర్రు వెట్టి పంటవ్. నేను గూసుంట."

మల్లయ్య ఫోన్ జేబులో పెట్టుకుని మా వైపు చూశాడు. "ఇన్నరు గద. ఇయ్యకుంట ఇంటికి వోతె నన్ను మందల గలుపుతది."

మైసి రక్తం పరీక్ష చేశారు. బాగుంది. నేల మీద గొంగడి పరిచి పడుకోబెట్టారు. మల్లయ్య దాని తల తొడ మీద పెట్టుకుని, చెవి నిమురుతూ "కదలకు బిడ్డా, ఐపాయె, ఐపాయె" అంటూనే ఉన్నాడు. అది ఒక్కసారి గుర్రుమంది, అంతే.

సంచి నిండుతుంటే నేను మోకరించాను. ఇక ఎవరి అనుమతీ అడగలేదు. గట్టిగానే ప్రార్థన మొదలుపెట్టాను. పండు పేరు చెప్పాను. మల్లయ్య మధ్యలో ఆపాడు.

"అమ్మా, మా దాని పేరు గూడ జెప్పుండ్రి. అది గూడ మంచిగుండాలె గద."

"దాని అసలు పేరేందన్నా?"

"మైసి. మా మైసమ్మ తల్లి పేరు."

ఒక్క క్షణం నా నాలుక తడబడింది. నిజం చెప్తున్నాను, తడబడింది. నాకు నేర్పిన ప్రార్థనల్లో ఆ గ్రామదేవత పేరుకు చోటు లేదు. కానీ ఆ పేరున్న జీవి రక్తం చుక్క చుక్కగా నా కళ్ళ ముందే నా బిడ్డ కోసం దిగుతోంది. "ప్రభువా, మైసిని కాపాడు, దాని బలం దానికి తిరిగి ఇయ్యి" అన్నాను. మల్లయ్య "ఆ" అన్నాడు. బుట్టలో పిల్లిని పట్టుకున్న ముసలామె కూడా "ఆ" అంది.

ఈస్టర్

మీరు అనుకుంటున్నట్టు ఈస్టర్ పొద్దున పండు లేచి నిలబడలేదు. అలా జరిగి ఉంటే కథకు అందంగా ఉండేది. రక్తం ఎక్కాక ఊపిరి నిలకడైంది. ముక్కులోంచి కారడం ఆగింది. అంతే. ఒక రాత్రి క్లినిక్‌లోనే ఉండి ఇంటికి తెచ్చుకున్నాం. మందు పనిచేస్తుందో లేదో చూడాలి, ఎదురు చూడటమే పని అని డాక్టరమ్మ చెప్పింది.

ఆదివారం వేకువ ఆరాధనకు నేను పోనన్నాను. అత్తమ్మ తెల్ల చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఈస్టర్ పూట కుక్క కాడ గూసుంటవా? ఊరంత ఏమనుకుంటది?"

"అనుకోనీ అత్తమ్మా."

"నువ్వు సండే స్కూల్ టీచరువు. పిల్లలకు ఏం జెప్తవ్?"

"ఇదే జెప్త."

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. దేవదానం ఇద్దరి మధ్యా నలిగి, తల్లిని ఆటోలో దింపి, చర్చి బయటే నిలబడి తిరిగి వచ్చాడు. ఆ ఉదయం మా ఇంట్లో ఎవరి మొహం మీదా పండుగ లేదు.

ఎండ ఎక్కాక అత్తమ్మ తిరిగి వచ్చింది. చీర కూడా మార్చుకోకుండా గంజిలో అన్నం మెత్తగా పిసికి, పండు పక్కన నేల మీద కూలబడింది. వేలితో తీసి దాని మూతికి రాసింది. అది నాకలేదు. మళ్ళీ రాసింది. "నేనే గదే నిన్ను భక్తురాలివి అన్నది," అని దానితో మెల్లగా మాట్లాడింది, మాకు వినబడకూడదన్నట్టు. "నీకు భక్తి వద్దు, ఏమొద్దు. తిను."

చాలాసేపటికి నాలుక బయటికి వచ్చింది. ఒక్కసారి. ఆమె చెయ్యి అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా కదల్లేదు.

పెన్‌పహాడ్

పండు సొంతంగా గేటు దాకా నడవడానికి వేసవి సగం గడిచింది. నడిచిన వారంలోనే దాన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని పెన్‌పహాడ్ అవతల మల్లయ్య వాళ్ళ మంద దగ్గరికి వెళ్ళాం. మైసి దూరం నుంచే మమ్మల్ని చూసి అరుస్తూ ఉరికి వచ్చింది. గుర్తుపట్టి కాదు. పరాయివాళ్ళు మంద దగ్గరికి వస్తున్నారని. పండు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని దేవదానం వెనక దాక్కుంది.

"గిదా మా మైసిగాని నెత్తురు దాగింది?" అంటూ లింగమ్మ వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం మందంతటికీ సరిపోతుంది. "గింత సన్నగున్నదేందమ్మా? తిండి వెడ్తలేరా? మల్ల ఉపాసముంచిండ్రా ఏంది?"

క్లినిక్‌లో మేం చెప్పినవన్నీ మల్లయ్య ఆమెకు చెప్పాడన్నమాట. అందరం నవ్వాం. నవ్వుతూనే దేవదానం అడిగాడు.

"ఆ రాత్రి మంద కాడ ఏమన్న ఇబ్బందైందా అన్నా?"

మల్లయ్య లింగమ్మ వైపు చూశాడు. లింగమ్మ కట్టెతో నేల గీసింది.

"జెప్పొద్దనుకున్నం," అన్నాడు మల్లయ్య. "ఒక గొర్రెపిల్లను నక్క ఎత్కపోయింది. ఈమె లేసి ఉరికింది గని అందలే. మైసిగాడు లేవబోయి పడ్డడు."

దేవదానం జేబులో చెయ్యి పెట్టబోయాడు. లింగమ్మ కసిరింది. "ఏయ్, తియ్యి చెయ్యి. పైసలిస్తె ఆ పిల్ల తల్లి ఊకుంటదా? పోయింది పోయింది. గిది బతికింది గద. కూసోండ్రి, జొన్న గట్క దాగి పోండ్రి."

గేటు, గోడ, పైకప్పు ఉన్న ఇంట్లో గొలుసుతో పడుకునే కుక్క రక్తం మాకు దొరకలేదు. చుట్టూ నక్కలు తిరిగే బీడు భూమిలో పడుకునేవాళ్ళు తమ ఒక్క కావలినీ మా ముందు పడుకోబెట్టారు. ఏం పోతుందో తెలిసే ఇచ్చారు. అది పోయాక కూడా మాకు చెప్పలేదు.

పోయిన వారం యాకోబన్న ఫోన్ చేశాడు. గొంతులో పాత ఆప్యాయతే.

"సిస్టర్, కుక్క బతికిందంట గద! దేవునికి స్తోత్రం. ఆదివారం సాక్ష్యం జెప్పాలె నువ్వు. సంఘం బలపడ్తది."

"జెప్తన్నా. మైసి గురించి, లింగమ్మ గురించి గూడ జెప్త. వాళ్లకు పోయిన గొర్రెపిల్ల గురించి జెప్త."

"అవన్ని ఎందుకమ్మా, పొడుగైతది. ప్రార్థన జేసినం, దేవుడు ముట్టిండు, బతికింది. గంత సాలు."

"మీరు ప్రార్థన జెయ్యలే అన్నా."

ఆయన ఏదో అనబోతే ఆగకుండా చెప్పాను.

"జేసింది నేను, ఒక గొర్రెలాయన, పిల్లిని వట్టుకున్న ఒక ముసలామె. దేవుడు ముట్టిండు, నిజమే. మల్లయ్య చేతులతోని ముట్టిండు. ఆ చేతుల్ని దాచిపెట్టి నేను స్తోత్రం జెప్పలేను. గొర్రెపిల్ల సంగతి జెప్పనిస్తె వస్త."

"ఆలోచించి చెప్త సిస్టర్" అన్నాడు.

ఆదివారం వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. సాక్ష్యాల సమయంలో ఎలీసమ్మ లేచి తన బర్రె సుఖంగా ఈనిందని చెప్పింది. అందరితో పాటు నేనూ స్తోత్రం అన్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. ముగింపు ప్రార్థనకు అందరూ తలలు వంచుకున్నప్పుడు, నా పక్కన కూర్చున్న అత్తమ్మ కళ్ళు మూసుకుని, యాకోబన్న గొంతు కింద తన గొంతుతో, ఎవరి అనుమతీ అడగకుండా, వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పడం విన్నాను. మల్లయ్య. లింగమ్మ. మైసి.